చెయ్యి ఆపకుండా

ఆ వానాకాలం మా ఆయన సాయంత్రాలు ఇంట్లో ఉన్నాడు.

ఇదేమంత విశేషమని మీకనిపించవచ్చు. ఎవరింట్లోనైనా మొగుడు సాయంత్రం ఇంటికొస్తాడు, కాళ్ళు కడుక్కుంటాడు, టీ ఏదీ అంటాడు. మా ఇంట్లో సాయంత్రమంటే ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ గడప దాటే వేళ. ఆయన బస్సు డ్రైవరు, రాత్రి డ్యూటీ. నాది ఆసుపత్రి లాండ్రీలో పగటి పని. నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆయన బూట్లు తొడుక్కుంటూ ఉండేవాడు. తెల్లారి ఆయన వచ్చేసరికి నేను జడ వేసుకుంటూ ఉండేదాన్ని. "గ్యాసు అయిపోవచ్చింది", "పాపకి జలుబు చేసింది", "గొడుగు పట్టుకెళ్ళు". మా కాపురమంతా గుమ్మంలో నిలబడి చెప్పుకున్న ఈ పొడి మాటలే. వారానికో సెలవుండేది కానీ, ఆ రోజు ఆయన పడుకుంటే లేపడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

మా అమ్మాయి నేర్చుకున్న మొదటి మాట అమ్మా కాదు, నాన్నా కాదు. "ష్". పెదాల మీద వేలు పెట్టుకుని, మూసిన గది తలుపు వైపు చూసి "ష్" అనేది. ఏడేళ్ళొచ్చినా దానికి గట్టిగా మాట్లాడటం రాదు. బళ్ళో పాఠం అప్పజెప్పమంటే పక్క పిల్లకి కూడా వినపడదని టీచరు నన్ను పిలిపించి మరీ చెప్పింది. మా అత్తయ్య దాన్ని పిట్ట అని పిలిచేది. "పిట్టయినా నయం, కూస్తుంది," అని మళ్ళీ తనే అనేది.

అలాంటి ఇంట్లోకి సమ్మె వచ్చింది.

డ్రైవర్లూ కండక్టర్లూ మెకానిక్కులూ అందరూ కలిసి బళ్ళు ఆపేశారు. అడిగినవి రెండే. ఒకటి జీతాలు పెంచమని. రెండోది, రాత్రి డ్యూటీ కొందరి నెత్తినే రుద్దకుండా వంతులవారీగా అందరికీ వెయ్యమని. మా ఆయన్ని డిపో కమిటీలో వేశారు. నోరు విప్పడు, విప్పితే అన్న మాట వెనక్కి తీసుకోడు అని ఆయనకి పేరు.

మొదటి రోజుల్లో సాయంత్రం అయ్యేసరికి ఆయనకి కాలు నిలిచేది కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు, తలుపు దగ్గరికి వచ్చేవాడు, వంటింట్లోకి తొంగి చూసేవాడు. ఒకరోజు వాన వెలిసి, ఎండ ఏటవాలుగా లోపలికి పడింది. ఆయన గది మధ్యలో నిలబడిపోయాడు.

"మన గోడ ఈ వేళప్పుడు ఈ రంగులో ఉంటుందా?" అన్నాడు.

"ఎప్పుడూ ఉండేదే," అంది అత్తయ్య మంచం మీంచి. "అడ్డు లే నాయనా. ఇంత పొడుగు మనిషిని కన్నానని ఇప్పుడే తెలుస్తోంది నాకు. ఎటు తిరిగినా నీ కాళ్ళే తగులుతున్నాయి."

ఆయన నవ్వాడు. మా ఆయన నవ్వితే ఎడమ కన్ను ముందు మూసుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో చూసిన గుర్తు. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అప్పుడే చూశాను. చేతిలో గరిటె పట్టుకుని అలాగే చూస్తుంటే కూర అడుగంటింది.

*

సమ్మె మొదలయ్యాక డిపో క్యాంటీనులో అందరికీ కలిపి ఒకేచోట వండేవాళ్ళు. లాండ్రీ పని అయ్యాక నేనూ అక్కడికే వెళ్ళేదాన్ని. ఉల్లిపాయలు తరగడం, గిన్నెలు కడగడం, కబుర్లు. క్యాంటీను కిటికీలోంచి చూస్తే బస్సులన్నీ వరసగా వానలో తడుస్తూ కనపడేవి. టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది.

పేపర్లలో మా వాళ్ళ గురించి రాతలు మొదలయ్యాయి. జనాన్ని నడిరోడ్డు మీద నిలబెట్టిన ఆశపోతులని రాశారు. దానికి జవాబుగా కమిటీవాళ్ళు వారానికో కరపత్రం వేద్దామనుకున్నారు. మొదటిది మగవాళ్ళే రాశారు. "కార్మిక సోదరులారా" అని మొదలై, "కార్మిక సోదరులారా" అని ముగిసింది. మధ్యలో ఏముందో రాసినవాళ్ళు కూడా చదివి ఉండరు.

"చాల్లే సంబడం," అంది పంతులమ్మ. "ఈసారి ఇళ్ళల్లో ఆడవాళ్ళని రాయమందాం."

పంతులమ్మ అంటే నిజంగా పంతులమ్మ కాదు, కండక్టరు. పెళ్ళికి ముందు ఎక్కడో బళ్ళో చదువు చెప్పిందట, ఆ పేరు అలా ఉండిపోయింది. బస్సులో ఎవరైనా టికెట్టు తీసుకోకపోతే "లెక్క తప్పింది, మళ్ళీ చెయ్యి" అనేదట. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ చెవి వెనక ఒక పెన్నుతో ఉండేది.

ఎవరు రాస్తారనగానే వేళ్ళన్నీ నా వైపే లేచాయి. కారణం నా చేతిరాత. ఆసుపత్రి దుప్పట్ల మీద ఏ వార్డుదో చెరగని సిరాతో రాసేది నేనే. ముత్యాల్లా ఉంటాయని అందరూ అనేవాళ్ళు. చేతిరాత బాగుంటే రాయడమూ వచ్చేస్తుందని వాళ్ళ నమ్మకం. నేనూ కొంచెం ఉబ్బిపోయాననే చెప్పాలి. సరే అన్నాను.

ఇంటికొచ్చి తెల్లకాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. "కార్మిక సోదరీమణులారా" అని రాసి కొట్టేశాను. "మా కష్టాలు చెప్పనలవి కానివి" అని రాశాను. చెప్పనలవి కానప్పుడు రాయడమెందుకని అదీ కొట్టేశాను. "మేము" అని రాసి ఆగిపోయాను. ఆ ఒక్క మాట దగ్గర అన్నం ఉడికిపోయింది, దీపాలు వెలిగించే వేళ అయిపోయింది. నలిపి పారేసిన కాగితాలతో పిట్ట ఇల్లంతా బంతులాట ఆడుకుంది. ఆయన గోడకి ఆనుకుని కూర్చుని, ఆ బంతులు ఒక్కోటీ దానికి తిరిగి విసిరాడు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు.

మర్నాడు పంతులమ్మ దగ్గరికెళ్ళి, "నా వల్ల కాదక్కా. ఒక్క ముక్క కూడా రావడం లేదు. ఇంకెవర్నైనా చూసుకోండి," అన్నాను.

"ఎలా కూర్చున్నావు?"

"ఎలా ఏంటి? కాగితం పెట్టుకుని, ఏం రాస్తే బాగుంటుందా అని ఆలోచిస్తూ..."

"అదీ సంగతి. బాగుండాలని కూర్చున్నావు. పిలిచీ పిలవగానే బాగున్నవే రమ్మంటే ఎలా వస్తాయి?" పక్క గోడకున్న కుళాయి చూపించింది. "నాలుగు రోజులు కట్టేసిన కుళాయి తిప్పితే ముందేమొస్తుంది?"

"గాలి."

"తర్వాత?"

"తుప్పునీళ్ళు."

"వాటిని పోనిస్తావా, బిందె పట్టేస్తావా?"

ఆవిడ లోపలికెళ్ళి, వంటవాళ్ళు గుడ్లు ఉడికేటప్పుడు పెట్టుకునే అలారం తెచ్చింది. గుండ్రంగా, ఎర్రగా, ఒక చోట సొట్టపడి ఉంది. గిన్నెలు తోముతున్న ఒక మెకానిక్ భార్యని కూడా పిలిచి నా పక్కన కూర్చోబెట్టింది. "నాకెందుకక్కా, నేను ఏడో తరగతితో మానేశాను," అని ఆ పిల్ల బతిమాలినా వినలేదు. ఇద్దరికీ పెన్నులిచ్చింది.

"ఇది మోగేదాకా చెయ్యి ఆపకూడదు. అదొక్కటే నియమం. కొట్టివేతలొద్దు. వెనక్కి వెళ్ళి చదవొద్దు. తప్పుంటే ఉండనీ. ఒత్తులు పోతే పోనీ. ఏమీ తోచకపోతే ఏమీ తోచడం లేదనే రాయండి, ఏదో ఒకటి తోచేదాకా అదే రాయండి. నేను చూడను, ఎవరూ చూడరు. అయ్యాక పొయ్యిలో పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు."

"దేని గురించి రాయాలి?"

"రాస్తే తెలుస్తుంది."

అలారం తిప్పింది. అది టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. పెన్ను కాగితానికి ఆనించి అలాగే ఉండిపోయాను. పంతులమ్మ నా మోచేతి మీద ఒక్క పోటు పొడిచింది. రాశాను.

ఏమీ రావడం లేదు ఏమీ రావడం లేదు ఈవిడకి పిచ్చి ఉల్లిపాయల వాసన చేతికి పోలేదు ఏమీ రావడం లేదు ఈ అలారం మా ఇంట్లో గోడగడియారం లాగే కొట్టుకుంటోంది దాన్ని ఆయన పడుకున్నప్పుడు నేను తీసి బీరువాలో బట్టల మధ్య పెడతాను చప్పుడవుతుందని సాయంత్రం మళ్ళీ తీసి తగిలిస్తాను ఇప్పుడు తీయడం లేదు పగలంతా గోడకే ఉంటోంది పిట్ట దాని కింద నిలబడి టంగ్ టంగ్ అని అంటోంది గట్టిగా అంటోంది

అలారం మోగింది. ఉలిక్కిపడ్డాను. నా చేతిరాతని నేనే గుర్తుపట్టలేకపోయాను. ముత్యాలు కాదు కదా, కోడి కెలికినట్టుంది. కానీ ఆ చివరి మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. గట్టిగా అంటోంది. నిజమే. పిట్ట గట్టిగా అంటోంది. రోజూ వింటూనే ఉన్నాను, చెయ్యి చెప్పేదాకా నాకు తెలియలేదు.

*

అప్పట్నుంచి రోజూ కూర్చునేవాళ్ళం. గిన్నెలు తోమాక, టీ తాగేముందు. మెకానిక్ భార్య మొదట్లో పేజీ పొడుగునా "నాకు రాదు" అనే రాసింది. ఒకరోజు ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది. ఏంటని అడిగితే, "ఇన్నిసార్లు రాశాక 'రాదు' అని రాయడం బాగా వచ్చేసింది," అంది.

నాలోనూ ఏదో మారింది. లాండ్రీలో ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి దుప్పట్లు తోస్తుంటే, ఆవిరి మధ్యలో మాటలు వాటంతటవే వచ్చేవి. సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది. ఇంటికెళ్ళేసరికి ఆయన ఉంటాడు. పిట్టని మెడ మీద ఎక్కించుకుని ఉంటాడు, లేకపోతే అత్తయ్యతో పేకాట ఆడి ఓడిపోతూ ఉంటాడు. "అమ్మ దొంగాట ఆడుతోంది," అని నాకు ఫిర్యాదు చేసేవాడు. ముగ్గురి గొంతులూ మెట్ల మీదకే వినపడేవి. నేను కావాలనే మెట్లు నెమ్మదిగా ఎక్కేదాన్ని. తలుపు తీస్తే ఆ గొంతులు ఆగి, నన్ను పలకరిస్తాయి. ఆగకముందు కాసేపు వినాలని ఆశ.

అన్నాలయ్యాక ఆయనా నేనూ వీధి చివరిదాకా నడిచేవాళ్ళం. ఒకే గొడుగు. పెద్దగా కబుర్లేమీ ఉండేవి కావు. చాలా ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం కదా, కొత్తగా ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. ఒకసారి ఆయన, "నీకు తడిసిన మట్టిలో నడవడం ఇష్టమని నాకు తెలీదు," అన్నాడు. "నాకూ తెలీదు," అన్నాను.

ఇంతలో సమ్మె ముదిరింది. అధికారులు మెట్టు దిగలేదు. మావాళ్ళూ దిగలేదు. క్యాంటీనులో పప్పు పల్చబడింది. రెండు మూడిళ్ళవాళ్ళు సామాను కట్టుకుని ఊరొదిలి వెళ్ళిపోయారు. మెకానిక్ వాళ్ళు నాలుగేళ్ళ కొడుకుని, పాలకైనా లోటుండదని, ఎక్కడో దూరాన ఉన్న మేనమామ ఇంటికి పంపేశారు. ఆ పిల్ల ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. మాకు తెలిసింది మాత్రం కాగితం వల్లనే.

ఆ రోజు పంతులమ్మ మొదటిసారి రాయడానికి ఒక మాట అందించింది. "దీంతో మొదలుపెట్టండి. 'సమ్మె అయిపోయాక.' కానివ్వండి."

అలారం తిప్పింది. వాన రేకుల మీద బాదుతోంది. నేను రాశాను.

సమ్మె అయిపోయాక అందరికీ మంచి జరుగుతుంది సమ్మె అయిపోయాక బళ్ళు తిరుగుతాయి సమ్మె అయిపోయాక ఆయన చొక్కా ఇస్త్రీ చెయ్యాలి సాయంత్రం బొత్తాలు పెట్టుకుంటాడు పిట్ట మళ్ళీ ష్ అంటుంది గడియారం బీరువాలోకి సమ్మె అయిపోయాక గొడుగులో నేనొక్కదాన్నే అయిపోవద్దు సమ్మె అయిపోవద్దు దేవుడా ఇంకొన్నాళ్ళు అయిపోవద్దు నాకాయన కావాలి ఇన్నేళ్ళూ నా ఇంట్లోనే ఉన్నాడు నాకు దొరకలేదు అయిపోవద్దు

చెయ్యి ఆపకూడదన్నారు కదా, ఆపలేదు. మోగింది. ఎవరైనా చూశారేమోనని కాగితాన్ని అరచేత్తో కప్పేశాను.

"నేను చదవనా అక్కా?" అంది పక్కనుంచి మెకానిక్ భార్య.

"చదవాలని ఏమీ లేదే," అంది పంతులమ్మ.

"తెలుసు. చదవాలనుంది."

కూడబలుక్కుంటూ చదివింది. "సమ్మె అయిపోయాక వాణ్ణి తెచ్చుకుంటాను. వాడు గోడవైపు పడుకోమంటే ఒప్పుకోడు. మధ్యలో పడుకోవాలి. అక్కడ ఎవరి పక్కన పడుకుంటున్నాడో. మా అన్నయ్య ఫోనులో అమ్మతో మాట్లాడు అంటే మాట్లాడడంట. కోపమంట. సమ్మె అయిపోయాక ముందు వాడి చెప్పులు కొనాలి, కాలు పెరిగుంటుంది. సమ్మె తొందరగా అయిపోవాలి. సమ్మె తొందరగా అయిపోవాలి. సమ్మె తొందరగా అయిపోవాలి."

పంతులమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. నేను నా కాగితాన్ని ఒళ్ళో, బల్ల కింద, ఎవరికీ చప్పుడు వినపడకుండా చింపాను. చిన్న చిన్న ముక్కలు చేసి చెత్తబుట్టలో ఉల్లిపొట్టు కింద తోసేశాను. చింపితే కాగితం పోయింది. రాసిన మాట పోలేదు. రాయకముందు అది నాలో ఉందో లేదో కూడా నాకు తెలియదు, రాశాక అది తప్ప ఇంకేమీ లేనట్టయింది.

*

కరపత్రానికి చివరికి నేను రాసింది పిట్ట గురించి. మా ఇంట్లో గుసగుసల గురించి. తండ్రి పగలు పడుకుంటాడని అరవడం మర్చిపోయిన పిల్ల గురించి, సమ్మెలో తండ్రి ఇంట్లో ఉంటే దాని గొంతు ఎలా లేచిందో దాని గురించి. రాత్రి డ్యూటీ వంతులవారీగా వేస్తే ప్రతి ఇంట్లోనూ పిల్లలు కొన్నాళ్ళు గుసగుసలాడుకున్నా, కొన్నాళ్ళయినా అరుచుకుంటారని రాశాను. కుళాయిలోంచి తుప్పు పోయాక వచ్చిన నీళ్ళు కదా, కొట్టివేతలు పెద్దగా లేకుండానే వచ్చింది. పంతులమ్మ చదివి, పెన్ను చెవి వెనక్కి దోపుకుని, "ఇదీ," అంది. అంతే.

అచ్చేసి డిపో గోడకి అంటించారు. బస్టాపుల్లో పంచారు. మా లాండ్రీలో పెద్ద మేస్త్రీ చదివి, రోజంతా నావైపు చూడకుండా తిరిగాడు. ఆయన భార్య నర్సు, రాత్రి డ్యూటీ.

అత్తయ్యకి పిట్టే చదివి వినిపించింది. అది కూడా గట్టిగా. "మన ఇంటి గుట్టు వీధిన పెట్టావు కదే అమ్మాయ్," అంది అత్తయ్య. కాసేపాగి, "నా పేకాట సంగతి రాయలేదేం?" అంది.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. వంటింట్లోకొచ్చి నా పక్కన పీట వాల్చుకుని, బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టాడు. బయట సన్నగా వాన.

"చదివాను," అన్నాడు.

"ఊఁ."

"బాగుంది." ఇంకో దుంప తీసుకున్నాడు. "గేటు దగ్గర అందరూ చదివారు. ఒకడు ఏడ్చాడు కూడా."

"మీకు కోపమొచ్చిందేమోననుకున్నా."

"కోపమెందుకు? నిజమే కదా." కత్తి ఆపాడు. "కానీ ఇందులో ఏదో లేదు."

"ఏది లేదు?"

"తెలీదు. మూడో గేరులోంచి అయిదుకి పోయినట్టుంది. బండి నడిచింది. కానీ మధ్యలో ఒకటి వదిలేశావని తెలిసిపోతోంది."

బస్సు నడిపేవాడు తప్ప ఇంకెవరూ ఆ మాట అనలేరు. నాకు దొరికిపోయినట్టయింది. పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. తిరిగి ఉంటే చెప్పగలను.

"సమ్మె అయిపోవద్దని రాశాను," అన్నాను. "దాన్ని చింపేశాను."

వెనక కత్తి చప్పుడు లేదు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. పక్కగదిలో పిట్ట, అత్తయ్య ఏదో విషయానికి పోట్లాడుకుంటున్నారు.

"నేనూ రోజూ అదే అనుకుంటున్నా," అన్నాడు. "గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడి నినాదాలిస్తాను కదా, లోపల మాత్రం ఇవాళ కబురు రాకూడదు, ఇవాళ ఒక్కరోజు రాకూడదు అనుకుంటాను."

నేను తిరగలేదు. ఆయనా లేవలేదు. కాసేపటికి చెక్కు తీసే చప్పుడు మళ్ళీ మొదలైంది.

"మెకానిక్కు కొడుకుని చూసి ఎన్నాళ్ళయిందో," అన్నాడు.

"వాడు ఫోనులో అమ్మతో మాట్లాడడట."

"ఊఁ," అన్నాడు ఆయన.

ఆ రోజు వీధి చివరికంటా నడిచి, అక్కడ ఆగకుండా ఇంకా చాలా దూరం వెళ్ళాం. వానలో గొడుగు ఆయన నావైపే ఎక్కువ వంచాడు. ఆయన కుడి భుజం పూర్తిగా తడిసిపోయింది.

*

కొద్దిరోజులకే కబురొచ్చింది. జీతాలు పెంచుతారట. రాత్రి డ్యూటీ సంగతి తర్వాత చూస్తారట. ఒప్పుకుంటే మర్నాటి నుంచే బళ్ళు.

డిపో షెడ్డులో మీటింగు పెట్టారు. కమిటీవాళ్ళు అయిదుగురూ ముందు, మిగతావాళ్ళంతా ఎదురుగా, ఆడవాళ్ళం వెనక. తర్వాత చూస్తామంటే ఎప్పటికీ చూడరని ఇద్దరన్నారు. కడుపులు మాడ్చుకుని ఇంకా ఎన్నాళ్ళని ఇద్దరన్నారు. అటు రెండు చేతులు, ఇటు రెండు చేతులు. మిగిలింది మా ఆయన.

రాత్రి డ్యూటీ సంగతి తేలాలనే ఆయన పట్టుబడతాడని అందరూ అనుకున్నారు. అందరికంటే ఎక్కువ ఏళ్ళు రాత్రుళ్ళు నడిపింది ఆయనే. ఆ కరపత్రం మా ఇంటి గురించే కదా. "మీ ఆయన ఒప్పుకోడు, చూడు," అంది నా చెవిలో పంతులమ్మ. నా అటు పక్కన మెకానిక్ భార్య నిలబడి ఉంది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది, తనకే తెలియకుండా. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నా గుండె ఏమని కొట్టుకుందో చెప్పడం ఇప్పటికీ కష్టం. ఒప్పుకోకండి అని కొట్టుకుంది. ఒప్పుకోండి అని కూడా కొట్టుకుంది.

ఆయన లేచాడు. జనం మీంచి మా వైపు చూశాడు. నన్ను చూశాడో, నా పక్కనున్న పిల్లని చూశాడో తెలియదు. "బళ్ళు తీద్దాం," అన్నాడు. చెయ్యెత్తాడు. కూర్చున్నాడు.

పక్కనున్న పిల్ల నా చెయ్యి వదిలేసి మొగుడి దగ్గరికి పరుగెత్తింది.

ఇంటికి నడిచి వస్తుంటే, మలుపు తిరిగాక ఆయనే అన్నాడు.

"నువ్వు ఆ మాట చెప్పకపోయుంటే, రాత్రి డ్యూటీ సంగతి తేలేదాకా కాదంటే కాదనేవాణ్ణి. న్యాయం కోసమే అంటున్నాననుకునేవాణ్ణి. ఇప్పుడు అది న్యాయం కోసమో, నా కోసమో నాకే తెలియకుండా పోయింది. ఎలా కాదంటాను?"

"అయితే నేను చెప్పకుండా ఉండాల్సింది."

"కాదు," అన్నాడు వెంటనే. నడక ఆపాడు. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నేను కావాలని నువ్వు ఎప్పుడన్నావు?"

ఎప్పుడూ అనలేదు. గ్యాసు అయిపోవచ్చిందన్నాను, పాపకి జలుబు చేసిందన్నాను. ఆయన చెయ్యి పట్టుకున్నాను. నడివీధిలో, పట్టపగలు. ఎదురింటి మేడ మీంచి ఎవరో చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

*

మర్నాడు సాయంత్రం ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. తెల్లారి ఆయన నిద్రకని నేను ముందే గడియారం తీసి బీరువాలో పెట్టబోతే, "ఉండనీ," అన్నాడు. పిట్టని పిలిచి, "నేను పడుకున్నా సరే, నువ్వు అరవాలి, అర్థమైందా? నువ్వు అరుస్తుంటేనే నాకు నిద్రపడుతుంది," అని అబద్ధం చెప్పాడు. అది నమ్మింది. ఆ మర్నాడు పొద్దున్నే ఆయన తలాపిన నిలబడి పాఠమంతా అప్పజెప్పిందట. ఆయన కళ్ళు మూసుకుని గురక నటించాడని అత్తయ్య చెప్పింది.

మెకానిక్ కొడుకు వచ్చాడు. కొత్త చెప్పులు కాలికి చిన్నవైపోయాయి, మార్చుకోవలసి వచ్చింది. రాత్రి డ్యూటీ సంగతి వాళ్ళు తర్వాత చూస్తామన్నారు కదా, ఇప్పటికీ చూడలేదు. నేను మాత్రం లాండ్రీలో మధ్యాహ్నం భోజనాల వేళ, కుట్టుగది బల్ల మీద రోజూ కాసేపు రాసుకుంటున్నాను. చాలాభాగం తుప్పునీళ్ళే.

వాన వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం పని అయ్యేసరికి ఆలస్యమైంది, ఆయన అప్పటికే ఇంట్లోంచి బయల్దేరి ఉంటాడు. ఇంటివైపు వెళ్ళవలసినదాన్ని, రోడ్డు దాటి అవతలి బస్టాపులో నిలబడ్డాను. ఆయన బండి ఆ దారినే మొదటి ట్రిప్పు వెళుతుందని తెలుసు. ఎన్నడూ ఎక్కలేదు. వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆయన నన్ను చూసి ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. వెనక వాళ్ళు తోస్తుంటే ఎక్కాను. డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంది. కూర్చున్నాను.

మా ఇద్దరి మధ్యా అద్దం. అద్దం మీద, బండి నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు అని రాసి ఉంది. నేను మాట్లాడలేదు. ఆయన మెడ చూస్తూ కూర్చున్నాను. జుట్టు కత్తిరించుకోవాలి. మలుపు తిప్పేటప్పుడు భుజం ఎలా ముందుకొస్తుందో, ముసలివాళ్ళు ఎక్కేటప్పుడు ఎంతసేపు ఆగుతాడో, ఎర్రదీపం దగ్గర వేళ్ళతో స్టీరింగు మీద ఏదో దరువు ఎలా వేస్తాడో, ఇన్నేళ్ళలో ఇవేవీ నేను చూడలేదు. మధ్య మధ్యలో పైనున్న అద్దంలో ఆయన కళ్ళు కనపడేవి. రోడ్డు చూసేవి, నన్ను చూసేవి, మళ్ళీ రోడ్డు.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. ఆయన ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలోకి లేచి వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. ప్రయాణికుడిలా కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"సీటు గట్టిగానే ఉంది," అన్నాడు.

"ఊఁ."

"నేను నడిపితే వెనక ఊగుతుందా?"

"లేదు. బాగా నడుపుతారు."

తల ఊపాడు. చాలా ముఖ్యమైన సంగతి తెలిసినట్టు ఊపాడు. ఇద్దరం అద్దంలోంచి ముందున్న ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చున్నాం. ఆయన భుజం నా భుజానికి తగులుతోంది. డీజిలు వాసన, సబ్బు వాసన. తర్వాత ఆయన చేతి గడియారం చూసుకోకుండానే లేచాడు. డ్రైవర్లకి వేళ ఒంటికే తెలుస్తుంది. అక్కడి నుంచి ఆ బండి ఊరి అవతలి ఫ్యాక్టరీలకి పోతుంది, తెల్లారేదాకా ఇటు రాదు.

"జాగ్రత్తగా వెళ్ళు," అన్నాడు.

దిగాను. తలుపు మూసుకుంది. బండి కదిలి, మలుపు దగ్గర ఎర్రదీపాలు ఒకసారి వెలిగి, వెళ్ళిపోయింది.

ఇటు వచ్చే బస్సు ఇంకో డ్రైవరుది. ఎక్కాను. ఆ డ్రైవరు వెనక సీటు ఖాళీగానే ఉంది. నేను చివరికంటా నడిచి, వెనక వరసలో కిటికీ పక్కన కూర్చున్నాను.